ఆశ్రయ గృహం ఎవరి కొలతలతో?

కలువాయి నుంచి ఒక తల్లి దెబ్బలకు తాళలేక, పదమూడేళ్ళ కొడుకుతో, ఎనిమిదేళ్ళ కూతురితో నెల్లూరు చేరిందనుకోండి. ఆమెకు ఆశ్రయం దొరుకుతుంది. కూతురికీ దొరుకుతుంది. మరి కొడుకో?

స్వాధార్ గృహాల నియమావళిలో తల్లితో ఉండదగిన మగపిల్లల వయస్సు 8 ఏళ్ళు. 2022లో మిషన్ శక్తి కింద ఆ గృహాలు శక్తి సదన్‌లుగా మారినప్పుడు అది 12 ఏళ్ళయింది. ఇది మేలైన మార్పే. అయినా పై తల్లికి ఇది చాలదు. కొడుకును ఎక్కడ వదలాలో తెలియక ఆమె దెబ్బలు కొట్టిన ఇంటికే తిరిగి వెళ్ళవచ్చు. తోటి నివాసినుల భద్రత కోసం వయోపరిమితి అవసరమే అనే వాదాన్ని కొట్టిపారేయలేం. కాని తల్లీ కొడుకులకు విడి వాకిలి ఉన్న ఒక గది కట్టలేమా? ఈ ప్రశ్న నియమావళి రాసే బల్ల దగ్గర కంటే, రాత్రివేళ తలుపు తీసే ఉద్యోగిని మనసులోనే ముందు పుడుతుంది.

ఈ లోపం కొత్తది కాదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లో తొలి వితంతు వివాహం జరిపించారు. వెలికి భయపడి పనివాళ్ళు మానేస్తే, వంట చేసి, గోదావరి నుంచి నీళ్ళు మోసి ఆ ఇంటిని నిలబెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. ఆమె త్యాగాన్ని మనం కొనియాడుతూనే ఉన్నాం. నీళ్ళు మోసిన ఆ చేతులకు తెలిసిన విషయాన్ని మాత్రం జ్ఞానంగా లెక్కించలేదు.

నివాసినులను సమావేశపరచి అడిగితే చాలదా అని మీరు అనవచ్చు. చాలదు. అన్నం పెడుతున్న వారి ఎదుట ఏ స్త్రీ అయినా "అంతా బాగుంది" అనే చెబుతుంది. సఖి కేంద్రంలో బస సాధారణంగా 5 రోజులకు మించదు. అంత తక్కువ కాలంలో నమ్మకం కుదరదు. కాబట్టి గృహం విడిచి, సొంత కాళ్ళ మీద నిలిచిన స్త్రీలను, వారు ఒప్పుకుంటే, పేరు రాసుకోకుండా అడగాలి. వంటమనిషిని, కాపలా ఉద్యోగినిని పై అధికారి లేనప్పుడు అడగాలి. అదీ నక్షా గీయకముందే అడగాలి. గోడలు లేచాక అడిగేది అభిప్రాయ సేకరణ కాదు, సంతకాల సేకరణ.

చదువురాని స్త్రీలు ఏం చెప్పగలరనే సందేహం మీకు వస్తే, మీ జిల్లాలోని దూబగుంటనే గుర్తు చేసుకోండి. అక్షరాస్యతా తరగతిలో చదివిన పాఠాన్ని అక్కడి స్త్రీలు తమ జీవితంతో పోల్చి చూసుకున్నారు. సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి దారితీసింది. పాఠం రాసినవారు ఊహించని అర్థాన్ని చదివినవారు చెప్పారు.

అభ్యాసం: మీ మండలం నుంచి జిల్లా కేంద్రానికి రాత్రివేళ చేరవలసిన ఒక తల్లి దారిని బస్సు స్టాండు నుంచి పడక వరకు, అడుగడుగునా రాయండి. ఎక్కడ ఆమె వెనుదిరుగుతుందో గుర్తించండి. ఆ చోటును సరిదిద్దడానికి ముందుగా ఎవరిని అడుగుతారో, ఎందుకో వివరించండి.