సహకారం: ఒక మాట, రెండు అర్థాలు

కావ్యాలు చదివినవారికి సహకారమంటే తియ్యమామిడి. శాకుంతలంలో వనజ్యోత్స్న అనే మల్లెతీగ అల్లుకున్నది సహకార వృక్షాన్నే. తర్కశాస్త్రంలో 'సహకారి' వేరు: కుండకు మట్టి ఉపాదాన కారణం, చక్రం, కర్ర సహకారి కారణాలు. కలిసి చేయడం, పక్కన నిలిచి తోడ్పడడం అనే రెండు అర్థాలూ ఈ మాటలో ఉన్నాయి. గాంధీ 1920లో ప్రారంభించిన ఉద్యమాన్ని మనం 'సహాయ నిరాకరణం' అన్నాం. అక్కడ 'కోఆపరేషన్' అంటే సహాయమే.

ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 1844లో 28 మంది దుకాణం పెట్టుకున్నప్పుడు ఆ మాటకు మొదటి అర్థమే ఉంది. పెట్టుబడి ఎంతైనా మనిషికి ఒకటే ఓటు. మిగులును కొనుగోళ్ళను బట్టి పంచుకున్నారు. సహాయం చేసే మూడోవాడు లేడు.

మన దేశానికి సహకారం 1904లో చట్టరూపంలో, రిజిస్ట్రారు వెంట వచ్చింది. 1954లో వెలువడిన గ్రామీణ పరపతి సర్వే నివేదిక ప్రకారం రైతుల అప్పుల్లో సహకార సంఘాలు ఇచ్చింది సుమారు 3 శాతమే. వడ్డీ వ్యాపారిని ఎదుర్కోవాలంటే ప్రభుత్వం వాటాదారు కావాలని ఆ నివేదిక సూచించింది. ఆ సూచన నిర్హేతుకం కాదు. ఎముక విరిగినవాడికి చంకకర్ర ఇవ్వడం వైద్యమే. ఎముక అతికాక కూడా దాన్ని తీయకపోతే కాలి కండ చిక్కిపోతుంది. ఆంధ్రప్రదేశ్ 1964 చట్టం కింద ఎన్నికైన పాలకవర్గాన్ని రద్దుచేసి, అధికారిని కూర్చోబెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. తర్కం భాషలో చెప్పాలంటే, సహకారి కారణం ఉపాదాన కారణాన్ని పక్కకు నెట్టింది.

1995లో అదే రాష్ట్రం ప్రభుత్వ వాటాధనం లేని సంఘాల కోసం వేరే చట్టం తెచ్చింది. దాని పేరు 'పరస్పర సహాయ సహకార సంఘాల' చట్టం. 'సహకార'మనే మాటలోనే పరస్పరత ఉన్నప్పుడు ఆ విశేషణం ఎందుకు? ఒంటరిగా వాడితే ఆ మాట అప్పటికే సర్కారు శాఖను స్ఫురింపజేస్తోంది కనుక. ఈ పునరుక్తి భాషాదోషం కాదు, చారిత్రక సాక్ష్యం.

అమెరికాలోని పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. బోస్టన్ వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ 1907లో భారతదేశంలోని గ్రామ పరపతి సంఘాలను చూసి వెళ్ళి, మసాచుసెట్స్‌లో 1909 నాటి క్రెడిట్ యూనియన్ చట్టానికి దన్నుగా నిలిచాడు. క్రెడిట్ యూనియన్లలో ఖాతాలున్న మనం వాటిని తక్కువ వడ్డీకి అప్పిచ్చే బ్యాంకులుగానే చూస్తాం. పాలకవర్గం ఎన్నిక కాగితం వస్తే విప్పిచూడం. అక్కడ సర్కారు పెత్తనం, ఇక్కడ సభ్యుల ఉదాసీనత. కారణాలు వేరైనా, రెండుచోట్లా మొదటి అర్థమే చిక్కిపోతోంది.