కనిపెట్టుకొని ఉండటం: తెలుగు క్రైస్తవ భక్తిభాషపై కొన్ని మాటలు

తెలుగు క్రైస్తవ సాహిత్యం అనగానే మన తరగతి గదుల్లో చర్చ మిషనరీల ముద్రణ, అనువాద, నిఘంటు సేవల చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోతుంది. 1818లో సీరాంపూరులో తెలుగు కొత్త నిబంధన అచ్చయిందని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. అటువంటి పుస్తకం ఇంట్లో పెట్టుకొన్న మనిషి తెల్లవారి లేచి, పనిలోకి పోయేముందు, దేవుణ్ణి ఏమని పిలిచాడు, ఏ క్రియలతో అడిగాడు అన్న ప్రశ్న సాహిత్య ప్రశ్నగా మనకు తోచదు. నిజానికి సాహిత్యం అక్కడే ఉంది.

ఈ మధ్యకాలపు భక్తి పుస్తకాల్లో, ప్రసంగాల్లో ‘దేవునితో లోతైన వ్యక్తిగత సంబంధం’ అనే మాట విరివిగా వినబడుతున్నది. ఆంగ్లం నుంచి పదానికి పదంగా వచ్చిన ఈ పదబంధంలో మూడు మాటలూ తెలుగువే, కూర్పు మాత్రం తెలుగుది కాదు. మనకు ‘సంబంధం’ అంటే మొదట గుర్తుకొచ్చేది పెండ్లి సంబంధం. చుట్టరికంలో దగ్గర, దూరం ఉంటాయి గాని లోతు ఉండదు. పాత క్రైస్తవులు వాడిన ‘సహవాసం’లో కలిసి ఉండటం అనే పని ఉంది, ‘సంబంధం’లో అది లేదు, ఒక స్థితి మాత్రమే ఉంది. అయితే కొత్తమాటను పూర్తిగా తోసిపుచ్చలేం. బోధకుడి మధ్యవర్తిత్వం లేకుండా తానే దేవుని ముందు కూర్చోవచ్చునన్న ధైర్యాన్ని అది చాలామంది గృహిణులకు, యువకులకు ఇచ్చింది. కాని ఆ చనువును చెప్పడానికి తెలుగులో మాటలు లేవన్నట్టుగా దాన్ని వాడటం సరికాదు.

సర్వనామాన్నే తీసుకొందాం. తమిళ బైబిలు దేవుణ్ణి ‘నీ’ అనదు, ‘నీంగళ్’ అనదు; మధ్యస్థంగా ‘నీర్’ అంటుంది. ఒడియాలో ‘తుంభే’ అటువంటిదే. తెలుగులో అలాంటి మధ్య మెట్టు లేదని వ్యాకరణాలు చెబుతాయి. ప్రార్థనను చెవిపెట్టి వింటే ఉన్నదని తెలుస్తుంది. నోటిమాటలోని ‘నువ్వు’ ప్రార్థనలో దాదాపు వినబడదు; ‘నీవు’ వినబడుతుంది. వ్యాకరణాన్ని బట్టి అది ఏకవచనమే, వాడుకను బట్టి మాత్రం గ్రంథగౌరవం కలిగిన పలుకు. దగ్గరితనమూ, మర్యాదా ఒక్క మాటలోనే ఇమిడాయి. అప్పటికప్పుడు చేసే ఇంటి ప్రార్థనల్లో ‘నీ పాదాలు’ అని మొదలుపెట్టి ‘మీకు వందనాలు’ అని ముగించేవారూ ఉన్నారు. దీన్ని పొరపాటుగా లెక్కగట్టే పండితులు ఆ మారే చోటును గమనించాలి. స్తుతిలో ‘మీరు’ వచ్చి, కష్టం చెప్పుకొనేటప్పుడు ‘నీవు’ తిరిగి వస్తే, ఆ తేడాలో ఎంతో అర్థముంటుంది.

ఈ చనువుకు మొదటి పెద్ద కవి పురుషోత్తమ చౌదరి (1803–1890). ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన ఈయన మన బరంపురం విద్యార్థులకు పొరుగూరి కవి. ‘త్రాహిమాం క్రీస్తు నాథ’ అనే ఆయన కీర్తన పేరులోనే సంస్కృత శరణాగతి వినబడుతుంది. పల్లవి ముగిసేసరికి తెలుగు క్రియ ‘వే’ అనే చనువు ప్రత్యయానికి దిగివస్తుంది. నిత్యవ్యవహారంలో ఆడవాళ్లతోనో చిన్నవాళ్లతోనో వాడే ఆ ప్రత్యయాన్ని రామదాసు, త్యాగరాజులు రామునిపై ప్రయోగించారు. చౌదరి దాన్ని క్రీస్తుకు అందించాడు. పేరు మార్చిన వైష్ణవ కీర్తనలే ఇవి అని తేల్చేసేవారున్నారు. వారితో నేను ఏకీభవించను, కాని వారు చూడని ఒక తేడాను ఒప్పుకోవాలి. రామదాసు చెరసాలలో నగల ఖర్చు లెక్కచెప్పి రాముణ్ణి దెప్పిపొడిచాడు. చౌదరిలో ఆ నిష్ఠూరం దాదాపు లేదు, ఉన్నదంతా ఆత్మనింద. ఆయన చదివిన బైబిలులోనే 22వ, 88వ కీర్తనలు దేవునితో గట్టిగా మొరపెట్టుకొంటాయి కదా! శాస్త్రం ఇచ్చిన ఆ స్వేచ్ఛను కవి తీసుకోలేదు. నా దృష్టిలో ఇది ఆ కీర్తనల్లోని లోటే. పోట్లాడలేని చనువు సగం చనువే గదా.

తెలుగు బైబిలు మనకిచ్చిన ఒక క్రియ మాత్రం ఏ కొత్త పదబంధానికీ తీసిపోదు: ‘కనిపెట్టు’. ఇవాళ్టి పాఠ్యపుస్తకంలో దీనికి అర్థం కొత్తదాన్ని కనుగొనడం. బైబిలులో దేవుని కోసం కనిపెట్టుకొని ఉండటం అంటే ఎదురుచూడటం. 130వ కీర్తనలో కావలివాళ్లు తెల్లవారడం కోసం చూసే పోలిక దగ్గరా ఇదే క్రియ. ఇంట్లోనేమో ‘పిల్లవాణ్ణి కనిపెట్టుకొని ఉండు’, ‘జబ్బుమనిషిని కనిపెట్టుకొని ఉంది’ అంటాం. చూపు పెట్టి, పక్కనే ఉండి, వేరే పనులు చేసుకొంటూనే ధ్యాస మరల్చకుండా ఉండటం అది. జ్వరపడ్డ బిడ్డ పక్కన బియ్యం ఏరుకొనే తల్లి చేసే పనే భక్తుడూ చేస్తాడని ఈ క్రియ చెబుతుంది. దైనందిన భక్తికి ఇంతకన్న మంచి నిర్వచనం నాకు అనువాద గ్రంథాల్లో కనబడలేదు. ముంగమూరి దేవదాసు 1938లో నెలకొల్పిన బైబిలు మిషనులో ‘సన్నిధి’ అనే మాటకు ఏర్పడిన విలువా ఈ దారిలోనిదే. అక్కడ అడగటం కన్న మౌనంగా కూర్చోవటం ముఖ్యం.

తెలుగునేలకు బయట ఈ సంగతి మరింత అవసరమైనది. చదువు కన్నడంలోనో తమిళంలోనో, ఉద్యోగం ఆంగ్లంలో, తెలుగు మాత్రం భోజనానికి ముందు ప్రార్థనలో మిగిలిన ఇళ్లు మనలో ఉన్నాయి. ఆ ఇంటి పిల్లలు కీర్తనను రోమన్ లిపిలో చూసి పాడుతున్నారు. రాగం నిలుస్తుంది, ‘నీవు’ నిలుస్తుంది. ‘కనిపెట్టు’ అన్నచోట మాత్రం వాళ్లకు విజ్ఞానశాస్త్ర పాఠం గుర్తుకొస్తుంది. లఘుసిద్ధాంత వ్యాసానికి అంశం వెతుక్కొనే విద్యార్థి ముందుగా అనుమతి అడిగి, తన వీధిలోని ఒక అవ్వ చేసే సాయంకాల ప్రార్థనను పది రోజులు వ్రాసుకొంటే చాలు. ఆమె ఎక్కడ ‘మీరు’ అంటుంది, ఎక్కడ ‘నీవు’ అంటుంది, రామదాసులాగా ఎప్పుడైనా నిష్ఠూరమాడుతుందా అన్నవి ఇంకా ఎవరూ అడగవలసినంతగా అడగని ప్రశ్నలు.