కవరు మీద రాత

మా మందుల షాపులో కత్తెరకు తీరిక ఉండదు. స్ట్రిప్ మొత్తం కొనేవాళ్లకంటే "అన్నా, రెండు డోలో, ఒక జలుబు గోళీ ఇయ్యి" అనేవాళ్లే ఎక్కువ. కోసిన ప్రతిసారీ మందు పేరు, మిల్లీగ్రాములు ఉన్న భాగం ఎటో ఒకవైపు పోతుంది. ఇంటికి చేరేది సగం అక్షరాల రేకు ముక్క. అందుకే గోళీలు కాగితం కవర్లో వేసి, దాని మీద పెన్నుతో పేరు, మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకొకటో రాసిస్తాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

జ్వరమైనా ఒళ్లు నొప్పులైనా మనకు ముందు గుర్తొచ్చేది పారాసిటమాల్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల గోళీలు ఆరు మింగితే 3,900 మిల్లీగ్రాములు. ఏడోదానికి చోటు లేదు. గోళీకీ గోళీకీ మధ్య కనీసం నాలుగు గంటలు, ఆరైతే ఇంకా నయం. బక్కపలచని వాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు, రోజూ తాగే అలవాటున్నవాళ్లకు ఆ 4 గ్రాములు కూడా ఎక్కువే. వాళ్లకు ఎంతన్నది డాక్టరే చెప్పాలి.

తెలిసి ఏడోది మింగేవాళ్లు తక్కువే. పేర్లు మారినప్పుడే లెక్క తప్పుతుంది. నడుం పట్టేసిందని వచ్చిన ఒక రైతును "ఇంకేం వేసుకుంటున్నవ్ పెద్దాయనా?" అని అడిగితే అంగీ జేబులోంచి మూడు ముక్కలు తీసి పెట్టాడు. ఒకటి మామూలు 650. రెండోది ఆసెక్లోఫెనాక్ కలిసిన నొప్పుల గోళీ, అందులో పారాసిటమాల్ 325. మూడోది జలుబుది, అందులో 500. "ఒకటి జరానికి, ఒకటి నడుముకు, ఒకటి ముక్కుకు గద సేటూ" అన్నాడు. పూటకు మూడూ కలిపి 1,475. మూడు పూటలకు 4,425. ఆయన దృష్టిలో మాత్రం ఏ గోళీ కూడా రోజుకు మూడు దాటలేదు!

బ్రిటన్‌లో 1998లో పారాసిటమాల్ ప్యాకెట్ సైజుకే కళ్లెం వేశారు. మామూలు దుకాణంలో దొరికే ప్యాకెట్లో 16 మించి ఉండవు. ఆ లెక్కన మన కత్తెర మంచి పనే చేస్తోంది, కాకపోతే పేరును కూడా కోసేస్తోంది.

పిల్లల పారాసిటమాల్ దగ్గర నాకు ఇంకా భయం. "ఏడాది పిల్లగానికి ఎంత పొయ్యాలె అన్నా?" అని అడుగుతారు. వయసు కాదు, బరువు కావాలి. ఒక్కసారికి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 150 దాటకూడదు. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 125 ఉంటుంది, పక్క సీసాలో 250. చుక్కల మందు పసిపిల్లలది కాబట్టి పలచగా ఉంటుందనుకుంటారు. నిజానికి అదే చిక్కన. చాలా కంపెనీల చుక్కల్లో ఒక్క మి.లీ.కే 100 ఉంటుంది. సిరప్ అలవాటుతో అది 5 మి.లీ. పోస్తే 500 మిల్లీగ్రాములు పోసినట్టు. సీసాతో వచ్చిన కొలత మూతో డ్రాపరో వాడండి, వంటింటి చెంచా వద్దు.

లివర్ ఈ మందును చాలావరకు హాని లేకుండా మార్చి మూత్రంలో పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ ఖాళీ అయి, విషం లివర్ కణాలనే పట్టుకుంటుంది. పైగా మొదటి రోజు వాంతో వికారమో తప్ప పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. కామెర్లు బయటపడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. విరుగుడు ఉంది, ఎన్-అసిటైల్‌సిస్టీన్. మింగిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా కాపాడుతుంది. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఎక్కువ మింగారని అనుమానమొస్తే, మనిషి బాగానే ఉన్నాడు కదా అని తెల్లారేదాకా చూడకండి. మిగిలిన గోళీలు, సీసాలు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.