చివరి లైను ముందు చదవండి

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జెరాక్స్ షాపుల్లో పైథాన్ నోట్సు దొరుకుతుంది. ముత్యాల్లాంటి చేతిరాత. ప్రతి ప్రోగ్రాం కిందా దాని అవుట్‌పుట్. నేను తిరగేసిన నోట్సుల్లో ఎర్రర్ కనబడింది మాత్రం అరుదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల తెర మీద ఎక్కువగా కనబడేదేమో అదే.

అందుకే ఏ కోర్సులో చేరమంటారని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఎర్రర్ వస్తే చదవండి. ఇదీ ఒక సలహాయేనా అంటారు కానీ, చదవరు. తెర మీద ఎర్రగా నాలుగు లైన్లు కనబడగానే పక్క సీటువాణ్ణి పిలుస్తారు. ఇప్పుడైతే మొత్తం కాపీ చేసి చాట్‌జీపీటీలో పడేస్తున్నారు.

పైథాన్ ఎర్రర్‌ని కింది నుంచి పైకి చదవాలి. తప్పేమిటో చివరి లైనులో ఉంటుంది. ఏ లైనులో జరిగిందో దాని పైన ఉంటుంది.

మా మేనకోడలు తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో చేరింది. వయసు అడిగి, దానికి ఒకటి కలిపి చూపించే ప్రోగ్రాం రాసింది. ఇరవై అని కొట్టగానే టైప్ ఎర్రర్. "ఇరవైకి ఒకటి కలపడానికి దీనికేం రోగం మామయ్యా?" అంది. చివరి లైను చదవమన్నాను. స్ట్రింగ్‌కి స్ట్రింగే అతుకుతుంది, ఇంటీజర్ అతకదు అని ఉంది. ఇన్‌పుట్ ఏది తీసుకున్నా పైథాన్ దాన్ని అక్షరాలుగానే, అంటే స్ట్రింగ్‌గానే చూస్తుంది. అవి పక్కపక్కన ఉన్న 2, 0 అనే అక్షరాలే తప్ప ఇరవై కాదు. ఇంట్ అని చెప్పి సంఖ్యగా మార్చుకోవాలి.

నిజానికి ఆ పిల్ల అదృష్టవంతురాలు. రెండు సంఖ్యలూ ఇన్‌పుట్‌గానే తీసుకుని 20కి 5 కలపమంటే పైథాన్ నోరు మెదపకుండా 205 చూపిస్తుంది. ఎర్రరూ రాదు, ఎర్రక్షరాలూ ఉండవు. భయపడాల్సింది దానికి. రన్ చేసే ముందు ఏం రావాలో కాగితం మీద రాసుకోమనేది ఇందుకే.

ఎర్రర్ చెప్పిన లైనులోనే తప్పుంటుందని కూడా నమ్మకూడదు. బ్రాకెట్ మూయడం మరిచిపోతే పాత వెర్షన్లు ఆ తర్వాతి లైనును తప్పుపట్టేవి. 2021లో వచ్చిన 3.10 నుంచి ఫలానా బ్రాకెట్ మూయలేదని సూటిగా చెబుతోంది, పేరు తప్పు రాస్తే ఇదా మీరనుకున్నది అని కూడా అడుగుతోంది. కాలేజీ ల్యాబులో ఏ వెర్షన్ ఉందో చూసుకోండి.

ఇంగ్లిషు భయమున్నవాళ్లకు ఇంకో మాట. ఇఫ్, ఫర్ లాంటివి మార్చలేం కానీ, పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. వయసు = 20 అని తెలుగు లిపిలో రాసినా పనిచేస్తుంది. ఉద్యోగంలో ఒప్పుకోరనుకోండి, నేర్చుకునేటప్పుడు అడ్డేముంది?

చాట్‌జీపీటీని అడగొద్దనను. ముందు మీరో కారణం ఊహించి, తర్వాత అడగండి. ఖాళీ దొరికినప్పుడు చక్కగా నడుస్తున్న ప్రోగ్రాంని కావాలనే చెడగొట్టండి. కోలన్ తీసేయండి, ప్రింట్ స్పెల్లింగ్ మార్చండి, సున్నాతో భాగించండి, లేని ఫైలును తెరవమనండి. ఒక్కోసారి ఒక్కటే చెడగొట్టి, చివరి లైను చూడండి. ల్యాబ్ పరీక్షలో ఎదురయ్యేవి చాలావరకు ఆ ఎర్రర్లే.