పొట్టి మాటల పెత్తనం

ఇంగ్లిష్ రాదనేవాళ్ల నోటినుంచే మా పెనుగొండలో రోజూ బోలెడంత ఇంగ్లిష్ వినిపిస్తుంది. మార్టేరు వెళ్లే బస్సు దారిలో ‘బ్రేక్‌డౌన్’ అవుతుంది. పాత బండి ‘పికప్’ అందుకోదు. చేలు మెరక చేసి ‘లేఔట్’ వేస్తారు. అల్లుడుగారి ఫోను ‘స్విచాఫ్’ వస్తుంది. రొయ్యల చెరువు ఈ ఏడు ‘వర్కౌట్’ అవలేదంటారు. గొప్పలు పోయేవాణ్ణి ‘బిల్డప్ ఇవ్వకెహె’ అని కూర్చోబెడతారు. ఇవన్నీ ఫ్రేజల్ వెర్బుల, అంటే క్రియకు అప్, ఔట్ లాంటి పొట్టి మాట తోడైన జంటల, ఇంటి పిల్లలే. మనం వాటిని నామవాచకాలుగా తెచ్చుకుని వెనకాల ఒక ‘అవు’, ఒక ‘ఇవ్వు’, ఒక ‘వెయ్యి’ తగిలించాం, అంతే.

వీధిలో ఇంత చనువున్న ఈ మాటలే పాఠ్యపుస్తకంలోకి వచ్చేసరికి పిల్లలకు గుండెదడ. సాయంత్రం పూట నా దగ్గర ఇంగ్లిష్ చెప్పించుకునే కుర్రాడొకడు మొన్న నిలదీశాడు. ‘‘మాస్టారూ, గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. మరి గివ్ అప్ అంటే మానెయ్యడం ఎలాగయ్యిందండీ?’’

వాడి బాధ కొత్తది కాదు. 1755లో ఇంగ్లిష్ నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్, క్రియ పక్కన ఇలాంటి పొట్టి మాట చేరి అర్థం మారిపోయే పద్ధతి పరదేశీయులకు మహా కష్టమని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. వీటికి ఫ్రేజల్ వెర్బులన్న పేరు ప్రచారంలోకి వచ్చింది మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో.

కుర్రాడికి నేను వెంటనే జవాబు చెప్పలేదు. ‘పట్టు’తో వాక్యాలు చెప్పరా అన్నాను. తడుముకోకుండా అందుకున్నాడు: ‘‘బాబాయి చేపలు పట్టుకొచ్చాడు. దొంగ పట్టుబడ్డాడు. నేనెంత ఏడ్చినా అమ్మ పట్టించుకోలేదు.’’ పట్టించుకోకపోవడంలో పట్టుకోవడం ఎక్కడుందిరా అంటే కాసేపు ఆలోచించి నవ్వేశాడు. ‘‘ఆయ్, లేదండీ.’’

నేను చెప్పదలచుకున్నది అదే. క్రియకు తోక తగిలించి అర్థం తిప్పడం మనకు ఉగ్గుపాలనాడే వచ్చిన విద్య. తిను వేరు, తినెయ్ వేరు. తినెయ్ అంటే కంచంలో మెతుకు మిగల్చకూడదని. ఈట్, ఈట్ అప్‌ల మధ్య తేడా సరిగ్గా ఇదే. డ్రింక్ అప్ అంటే తాగెయ్, యూజ్ అప్ అంటే వాడెయ్. ఇక్కడ ‘అప్’ పైకి చూడదు, పనిని ఆఖరుదాకా తోస్తుంది. గివ్ అప్‌కు మనవాళ్లకు చేతులెత్తెయ్యడం అనే మాట ఉండనే ఉంది. అందులో పైకెత్తడమూ ఉంది, ‘ఎయ్యడమూ’ ఉంది! అలాగే ‘ఆన్’ చాలాచోట్ల ఆగనివ్వదు. రీడ్ ఆన్ అంటే చదువుతూ పో.

ఈ తాళంచెవి అన్ని తలుపులూ తియ్యదు. భరించడానికి పుట్ అప్ విత్ అని, పోలికలు రావడానికి టేక్ ఆఫ్టర్ అని ఎందుకంటారో తర్కంతో తేలదు. వాటిని ఉన్నవున్నట్టు వాక్యంలో విని పట్టుకోవాల్సిందే. మాటల వరస సంగతీ అంతే. టర్న్ ఆఫ్ ది ఫ్యాన్ అనొచ్చు, టర్న్ ది ఫ్యాన్ ఆఫ్ అనొచ్చు. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వస్తే దాని చోటు మధ్యలోనే, టర్న్ ఇట్ ఆఫ్ అనాలి. లుక్ ఆఫ్టర్ మాత్రం మధ్యలోకి ఎవర్నీ రానివ్వదు. లుక్ ఆఫ్టర్ ది బేబీ, లుక్ ఆఫ్టర్ హర్, అంతే. సూత్రం బట్టీపట్టినవాడు మాట్లాడేటప్పుడు తడబడతాడు. పదిసార్లు ఫ్యాన్ కట్టేస్తూ అన్నవాడు తడబడడు.

ఊరు దాటేవాళ్లకు మరో జాగ్రత్త. ‘2022లో పాసౌట్ అయ్యాను’ అని మన ఇంజినీర్లు ధీమాగా చెబుతారు. పోలీసు అకాడమీల్లో పాసింగ్ ఔట్ పరేడ్ ఉంది కాబట్టి మనకది తప్పనిపించదు. అమెరికాలో ఇంటర్వ్యూ చేసేవాడికి మాత్రం ఈ అబ్బాయి స్పృహతప్పి పడిపోయాడని వినిపిస్తుంది. అక్కడ గ్రాడ్యుయేటెడ్ అనాలి. కోప్ అప్ విత్ అనడమూ మన అలవాటే. కోప్ విత్ చాలు, ‘అప్’ అక్కర్లేదు.

బజార్లో వెయ్యి ఫ్రేజల్ వెర్బులు, వాటి అర్థాలు అంటూ పుస్తకాలు దొరుకుతాయి. వాటిని వరసగా వల్లించిన పిల్లాడు పరీక్ష గట్టెక్కుతాడేమో గానీ, ఫోనులో నాలుగు ముక్కలు మాట్లాడలేడు. తోటి మాస్టార్లకు, తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. రోజుకు రెండు చాలు. ఆ రెండూ ఇంట్లో జరిగే పనిమీదే ఉండాలి. పొద్దున్నే లేపేటప్పుడు గెట్ అప్ అనండి, చెప్పులు బయట విడవమనేటప్పుడు టేక్ దెమ్ ఆఫ్ అనండి, పుస్తకాలు సర్దమనేటప్పుడు పుట్ దెమ్ అవే అనండి. అర్థం చెప్పకండి. పని చేయించండి. అర్థం వాళ్లే తేల్చుకుంటారు.