గోడకు పాడే పెట్టె, చెవికి పాడే పెట్టె

ఖరీదైన స్పీకర్లు కొనబోయేవాళ్ళు ముందు బేస్ ఎంత అని అడుగుతారు, ఆ తర్వాత ఎన్ని వాట్లు అని అడుగుతారు. గొంతు గొంతులా ఉందా, నాదస్వరం నాదస్వరంలా ఉందా అని అడిగేవాళ్ళు తక్కువ. అడగాల్సింది మాత్రం అదే. ఏర్పేడు వైపు వాళ్ళకు ఆ మాట అడిగే అర్హత నిండుగా ఉంది. ఒకపక్క శ్రీకాళహస్తి, ఇంకోపక్క తిరుపతి, మండలంలోనే గుడిమల్లం. స్వామి ఊరేగింపు ముందు మైకు లేకుండా మోగే మేళాన్ని చిన్నప్పటినుంచీ విన్న చెవులు ఇక్కడివి. అసలు ధ్వని ఎరిగినవాళ్ళే నకలు ఎంతవరకు నిజమో చెప్పగలరు. అది ఎరగనివాళ్ళకు ఒక స్పీకరును ఇంకో స్పీకరుతో పోల్చుకోవడం ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడ రెండు స్పీకర్లను పక్కపక్కన పెడుతున్నాను. ఒకటి 1968లో అమెరికాలో వచ్చిన బోస్ 901. రెండోది 1970లలో బీబీసీ ఇంజనీర్లు రూపొందించిన ఎల్ఎస్ 3/5ఎ. రెండూ పాతవే. అయినా ఇవాళ లక్షలు పోసి కొనే స్పీకర్ల వెనక నడిచే వాదం ఈ రెంటిలో ఉన్నంత తేటగా ఇంకెక్కడా కనిపించదు. ఇంటి గోడల్ని సంగీతంలోకి పిలవాలా, వీలైనంత పక్కన పెట్టాలా అన్నదే ఆ వాదం.

అమర్ బోస్ తండ్రి బెంగాల్ నుంచి అమెరికా చేరిన స్వాతంత్ర్యోద్యమకారుడు. కొడుకు ఎంఐటీలో చదివి అక్కడే ఆచార్యుడయ్యాడు. 1956లో మంచి సెట్టు ఒకటి కొని ఇంటికి తెచ్చుకుంటే కాగితం మీద అంకెలు గొప్పగా ఉన్నాయి, వాయిద్యం మాత్రం వాయిద్యంలా లేదు. ఆ అసంతృప్తి నుంచే ఆయన పరిశోధన మొదలైంది. కచేరీ హాల్లో కూర్చున్న శ్రోతకు వేదిక మీంచి నేరుగా అందే ధ్వని కొంచెమే, గోడలకూ కప్పుకూ తగిలి వచ్చేదే చాలా ఎక్కువ అన్న సంగతిని ఆయన గట్టిగా పట్టుకున్నాడు. అందుకే 901 పెట్టెలో ఉన్న తొమ్మిది చిన్న కోన్లలో ముందుకు చూసేది ఒక్కటే. మిగిలిన ఎనిమిదీ వెనక గోడవైపు తిరిగి ఉంటాయి. వేరే ఊఫరు లేదు, ట్వీటరు లేదు. ఆ కోన్లకు అందని అడుగు స్వరాలనూ పై స్వరాలనూ విడిగా ఇచ్చే ఈక్వలైజరు ఎత్తి నిలబెడుతుంది.

ఎల్ఎస్ 3/5ఎ పుట్టింది వ్యాను కోసం. స్టూడియో బయట ప్రసారాలకు వెళ్ళినప్పుడు, పెద్ద స్పీకరుకు చోటు లేని చోట, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిచేయడం కుదరనప్పుడు, వెళ్తున్న ధ్వనిలో తప్పు పట్టుకోవడానికి ఇంజనీరుకు ఒక చిన్న పెట్టె కావాలి. అడుగు ఎత్తు, లోపల సుమారు ఐదు లీటర్ల చోటు, కెఫ్ కంపెనీవారి ఐదంగుళాల కోను ఒకటి, చిన్న ట్వీటరు ఒకటి. గాలి పోయే రంధ్రం లేకుండా పూర్తిగా మూసేసిన పెట్టె. పలకలు పలచన, వాటి అదురు వినపడకుండా లోపల అంటించిన పొరలు, ట్వీటరు చుట్టూ ఫెల్టు. స్పీకరును పరీక్షించడంలో బీబీసీవారిది నాకు ఎంతో నచ్చిన పద్ధతి. స్టూడియోలో మాట్లాడుతున్న మనిషి గొంతును నేరుగా విని, వెంటనే అదే గొంతును స్పీకరులో విని పోల్చేవాళ్ళు. ఫోనులో ఒక్క ‘హలో’తో మనవాళ్ళకు జలుబు చేసిందని పోల్చుకుంటాం. తెలిసిన మనిషి గొంతు విషయంలో చెవికి అంత సూక్ష్మం ఉంది.

ఇప్పుడు ఈ రెంటినీ మన ఇంట్లో పెడదాం. ఐఐటీ, ఐసర్ వచ్చాక ఏర్పేడు చుట్టూ లేచిన కొత్త ఇళ్ళలోనైనా, అంతకుముందు మిద్దెల్లోనైనా, మామూలు గది అంటే పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున శ్లాబు. కింద టైల్సు, చుట్టూ సిమెంటు గోడలు, కిటికీకి అద్దం. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడల మధ్య టపటపా తిరుగుతుంది. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. ఆ లెక్కన పన్నెండడుగుల పొడవు 48 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల వెడల్పు 57 హెర్ట్జ్ దగ్గర తమంతట తామే మోగుతాయి. వెడల్పూ ఎత్తూ ఒకటే కాబట్టి 57 దగ్గర రెండు మోతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. బేస్ గిటారు ఎ తీగ మోగేది 55 హెర్ట్జ్ దగ్గర. అంటే ఇళయరాజా పాటలో బేస్ గిటారు ఆ తీగ మీదికి దిగినప్పుడల్లా గది ఉబ్బుతుంది, పై స్వరానికి వెళ్ళగానే ఆ బలం పోతుంది. అది స్పీకరు తప్పు కాదు, గిటారు వాయించినవారి తప్పూ కాదు, కట్టడం కొలతల తప్పు. దుకాణంలో నిక్కచ్చిగా వినిపించిన పెట్టె ఇంటికొచ్చాక దద్దరిల్లడానికి పెద్ద కారణం ఇదే.

ఈ గదిలో 901కి రెండు చిక్కులు. ఈక్వలైజరు ఎత్తిపెట్టిన అడుగు స్వరాలు సరిగ్గా ఆ 48, 57 దగ్గర గదిని రేపుతాయి. రెండో చిక్కు ఇంకా పెద్దది. ధ్వనిలో అత్యధిక భాగం గోడకు తగిలి వస్తుంది కాబట్టి ఆ గోడ మీద ఏముంటే అదే స్పీకరులో ఒక భాగమైపోతుంది. మన హాళ్ళలో ఎడమపక్క అద్దాల అల్మరా ఉంటుంది, కుడిపక్క వంటింటి గుమ్మం తెరిచి ఉంటుంది. ఎడమ పెట్టె అద్దానికి పాడుతుంది, కుడి పెట్టె వంటింటికి పాడుతుంది. ఒకే జత అయినా రెండు స్పీకర్లూ ఒక్కలా వినపడవు.

చిన్న పెట్టెకు ఇదే గదిలో దాని లోపమే మేలవుతుంది. 80 హెర్ట్జ్ కిందికి వెళ్ళేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది కనక గది మోతను అది పెద్దగా లేపదు. నూరు హెర్ట్జ్‌కు కాస్త పైన చిన్న ఉబ్బు ఉండటంవల్ల బేస్ ఉన్నట్టే అనిపిస్తుంది. పుట్టిందే వ్యానులో కూర్చున్న మనిషికి దగ్గరగా వినిపించడానికి కాబట్టి, ఐదారడుగుల దూరంలో కుర్చీ వేసుకుంటే గోడకన్నా ముందు పెట్టె మాటే చెవిని చేరుతుంది. అయితే బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్‌ను ఇది ఇవ్వలేదు. పై అనుస్వరాలను బట్టి మనసు ఆ స్వరాన్ని పూరించుకుంటుంది, ఒంటికి మాత్రం అది తగలదు. ఇళయరాజా పాటల్లో ఆ తీగల నడక కోసమే వినేవాళ్ళకు ఇది పెద్ద వెలితే. శబ్దం పెంచి దాన్ని పూడ్చడమూ కుదరదు. ఒక వాటుకు ఇది ఇచ్చే ధ్వని 83 డెసిబెల్స్ దరిదాపుల్లోనే. మే నెలలో ఏర్పేడులో ఫ్యాను ఆపి కూర్చోలేం. ఆ ఫ్యాను హోరును దాటేంతగా పెంచితే చిన్న కోను ఆయాసపడుతుంది.

సంగీతం విషయానికి వస్తే, మొదటి పరీక్షగా తంబూరను పెడతాను. సి.వి. రామన్ మన విశాఖపట్నంలో చదువుకున్నవారే. 1921లో ఆయన తంబూర, వీణల మీద రాసిన పరిశోధనలో ఒక విశేషం పట్టుకున్నారు. తీగను మీటిన చోటును బట్టి కొన్ని అనుస్వరాలు పుట్టకూడదు. అయినా తంబూరలో అవి పుడతాయి. గుర్రం వంపూ, దాని మీద వేసే జీవాళి దారమూ అందుకు కారణం. ఆ అనుస్వరాలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకోవడమే తంబూర ప్రాణం. ఎల్ఎస్ 3/5ఎలో అవి విడివిడిగా, వరసగా వినపడతాయి. 901లో తంబూర గదంతా నిండుతుంది, ఆ నిండుదనం హాయిగానూ ఉంటుంది, కానీ విచ్చుకునే వరస మసకబారుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963 నాటి సుప్రభాతం రికార్డులో గొంతు చుట్టూ ఉన్న శ్రుతిని శ్రద్ధగా వినండి. ఏ పెట్టె దాన్ని గొంతు నుంచి విడదీసి చూపిస్తుందో, ఏది రెంటినీ కలిపి ఒకటే మోతగా చేస్తుందో తొందరగానే తెలుస్తుంది.

ఘంటసాల పాటలతో పరీక్షించేటప్పుడు నాదొక గట్టి సలహా: ఒక్క పెట్టె మీదే వినండి. ఆనాటి సినిమా పాటలు మోనో. రెండు స్పీకర్ల మధ్య గాల్లో నిలబడ్డట్టు అనిపించే గొంతులో ఒక దోషం ఉంది. కుడి స్పీకరు ధ్వని ఎడమ చెవికి, ఎడమ స్పీకరుది కుడి చెవికి కొంచెం ఆలస్యంగా చేరడంవల్ల 2000 హెర్ట్జ్ ప్రాంతంలో ధ్వని కుంగుతుంది. మాటలో హల్లులు పలికేది ఆ చుట్టుపక్కలే. ఒక్క స్పీకరును ఎదురుగా పెట్టుకుంటే ఆ కుంగు ఉండదు. ఆ పరీక్షలో చిన్న పెట్టె ముందు 901 నిలవలేదు. గొంతుకు నోరు ఒక్కటే. అది గోడంత వెడల్పున వినిపిస్తే నా మనసు ఒప్పుకోదు.

అయినా బోస్ వాదాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు. నాదస్వరం దగ్గర ఆయన మాట నిజం. రాతి మండపంలో విన్న సన్నాయికి సగం అందం ఆ రాళ్ళు ఇచ్చిందే. డోలు దెబ్బ స్తంభాలకు తగిలి తిరిగొచ్చేదాకా పూర్తి కాదు. అదే మేళాన్ని చిన్న స్టూడియోలో మైకు దగ్గర పెట్టి రికార్డు చేస్తే, ఎల్ఎస్ 3/5ఎ ఆ ఇరుకుదనాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. వాయిద్యం చెవి పక్కనే కూర్చుని గుచ్చుతుంది. 901 దానికి చోటు కల్పిస్తుంది. మన దగ్గర పాత రికార్డింగులు చాలావరకు ఇలా స్టూడియోలో ముడుచుకున్నవే కాబట్టి ఈ పెట్టె ఉపకారం చిన్నది కాదు. చిక్కల్లా అది చేసే ఉపకారం అందరికీ ఒకటే కావడంలో ఉంది. చోటు అవసరమైన నాదస్వరానికీ అక్కర్లేని ఘంటసాలకూ, మండపంలోనే రికార్డయి చోటును వెంట తెచ్చుకున్న కచేరీకీ అదే గోడను చేరుస్తుంది. రికార్డుకూ రికార్డుకూ తేడా చెరిపేసే స్పీకరు ఎంత హాయిగా ఉన్నా నా లెక్కలో రెండో స్థానమే.

ఈ మాట అమెరికాలో కోర్టుదాకా పోయింది. 1970లో వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 901ను సమీక్షిస్తూ, వాయిద్యాలు ఉన్నచోట నిలవకుండా తిరుగుతున్నాయనీ, వయొలిన్ పదడుగుల వెడల్పున వినిపిస్తోందనీ రాసింది. బోస్ కంపెనీ దావా వేసింది. 1984లో సుప్రీంకోర్టు తీర్పు పత్రికకు అనుకూలంగా వచ్చింది. ధ్వనిమీద తీర్పు చెప్పే స్వేచ్ఛ విమర్శకుడికి మిగిలినందుకు సంతోషమే. ఆ స్వేచ్ఛతోపాటు బాధ్యత కూడా ఉంది, దాన్ని నేర్పింది ఫ్లాయిడ్ టూల్. కెనడా జాతీయ పరిశోధన మండలిలో, తర్వాత హర్మాన్ కంపెనీలో ఆయన ఏళ్ళతరబడి తెర వెనక స్పీకర్లు పెట్టి వినిపించాడు. 1994లో సహ పరిశోధకుడు షాన్ ఆలివ్‌తో కలిసి చేసిన పరీక్షలో నలభైమంది నాలుగు స్పీకర్లను ఒకసారి కళ్ళతో చూస్తూ, ఒకసారి చూడకుండా విన్నారు. చూస్తున్నప్పుడు పెద్దవీ ఖరీదైనవీ ఎక్కువ మార్కులు కొట్టేశాయి. తెర వేయగానే చిన్న చవక సెట్టుకు విలువ పెరిగింది. వాళ్ళందరూ ఆ రంగంలో పనిచేసేవాళ్ళే. వాళ్ళ కళ్ళే చెవుల్ని అంతగా లాగితే, అప్పటికే డబ్బు కట్టేసిన మన సంగతి చెప్పాలా?

టూల్ పరిశోధన మన రెండు పెట్టెల తగాదాను కూడా తీర్చింది. ఎదురుగా వచ్చే ధ్వని చదునుగా ఉండాలి, పక్కలకు పోయి గోడకు తగిలే ధ్వని కూడా దాదాపు అదే పోలికలో ఉండాలి. చూడకుండా విన్నవాళ్ళలో చాలామంది ఇలాంటి స్పీకర్లకే ఓటు వేశారు. అంటే గోడ శత్రువేమీ కాదు, గోడకు పంపే మాట నిజమైతే చాలు. ఎదురుగా నిజం చెప్పడంలో బీబీసీ గెలిచింది. గోడను మరవకూడదని గుర్తు చేయడంలో బోస్ గెలిచాడు. కెఫ్ కంపెనీ తన యాభై ఏళ్ళ పండుగ గుర్తుగా, 2012లో, ఎల్ఎస్ 3/5ఎను తలచుకుంటూ తెచ్చిన ఎల్ఎస్ 50లో ట్వీటరును కోను నడిమధ్యలోనే పెట్టడంవల్ల ఎదుటికీ పక్కలకూ పోయే ధ్వని మునుపటికన్నా దగ్గరైంది.

నా తీర్పు ఇది. పది బై పన్నెండు గదిలో, మన గొంతులకూ మన తంబూరకూ, చిన్న పెట్టె. పెద్ద హాలు, వెనక అడ్డంలేని ఒకే తీరు గోడ, నాదస్వరం మీద మక్కువ ఉన్నవారికి 901 ఆనందాన్నిస్తుంది, కాదనను. ఏది కొన్నా ముందు గదిని చూడండి. గోడకు కలంకారీ గుడ్డ కడితే చూపుకు బాగుంటుంది గానీ, పలచని నూలు గుడ్డ ధ్వనిని పెద్దగా పీల్చదు. మందపాటి బొంతో, కింద జంపఖానాతో పాటు పరుపో, నిండా పుస్తకాలున్న బీరువానో చేసే పని అది చేయలేదు.

కొనేరోజు మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి తీసుకెళ్ళండి. ఒక్క పెట్టె మీదే వినిపించమనండి. పోల్చి చూసే రెండు స్పీకర్ల శబ్దం సమానంగా ఉంచమనండి, ఎందుకంటే కాస్త ఎక్కువ మోగేదే మెరుగనిపించడం మన చెవి స్వభావం. రెంటిమీదా ఒకే పలచని పంచె కప్పించి, పేరూ ధరా చివర్లో అడగండి. దుకాణంవాళ్ళు కాదంటే ఇంకో దుకాణానికి వెళ్ళండి.