6వ నంబరు షరతు

లైసెన్సు ఒప్పందం కనబడగానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేసి ముందుకు పోవడం మనకు అలవాటు. అయితే రచనలోని పనితనం కోసమే నెమ్మదిగా చదవదగ్గ ఒప్పందం ఒకటుంది. 1991 జూన్‌లో వెలువడిన జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) రెండో వెర్షన్ అది. లైనక్స్ కెర్నెల్ ఇప్పటికీ దాని కిందే ఉంది. దాని వెనుక ఉన్నది రిచర్డ్ స్టాల్‌మన్, ప్రోగ్రామర్. అందుకేనేమో షరతుల లెక్క 0 నుంచి మొదలై 12 దాకా వెళ్తుంది.

నన్ను కట్టిపడేసేది 6వ నంబరు. ఉన్నవి మూడే వాక్యాలు. ప్రోగ్రామ్ చేతులు మారిన ప్రతిసారీ, పుచ్చుకున్నవాళ్లకు హక్కు నేరుగా మూల హక్కుదారు నుంచే వస్తుందని మొదటిది చెబుతుంది. మధ్యవర్తి కొత్త ఆంక్షలేవీ చేర్చకూడదన్నది రెండోది. ఈ వరుస చూడండి. హక్కు ఇచ్చింది మధ్యవర్తి కాదని ముందే తేల్చారు కాబట్టి, దాన్ని కత్తిరించే అధికారం అతనికి లేదన్న మాట బెదిరింపులా వినిపించదు, లెక్కలో తేలిన జవాబులా ఉంటుంది. ఇతరులు పాటించేలా చూసే పూచీ మధ్యవర్తిది కాదని మూడోది అతనికీ ఊరటనిస్తుంది.

5వ షరతు ఇంకా తెలివైనది. నువ్వు సంతకం చెయ్యలేదు, ఒప్పుకోనక్కర్లేదు అని తానే అంటుంది. కానీ మార్చడానికీ పంచడానికీ కాపీరైట్ చట్టం ప్రకారం వేరే అనుమతి లేదు గనుక, ఆ పని చేస్తే ఒప్పుకున్నట్టే. ఊరికే వాడుకునేవాళ్లని ఏ బటనూ నొక్కమని అడగదు.

మరి ఆ కెర్నెల్ మీదే కట్టి, రెడ్ హ్యాట్ కంపెనీ చందా మీద ఇచ్చే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌లో ఆంక్షలు ఎక్కడున్నాయి? సాఫ్ట్‌వేర్ మీద కాదు, చందా ఒప్పందంలో. వ్యక్తులకు ఉచితంగా ఇచ్చే డెవలపర్ చందాకు 16 యంత్రాల హద్దు అక్కడిదే. చందా ద్వారా అందినవాటిని బయటికి పంచితే చందా రద్దు చేయవచ్చన్న మాటా అక్కడిదే. చేతిలో ఉన్న కాపీ మీద నీ హక్కు చెక్కుచెదరదు, రేపటి భద్రతా సవరణ మాత్రం రాదు. జీపీఎల్ మాట్లాడేది చేతికందిన కాపీ గురించి. ఇంకా అందని కాపీ గురించి అందులో ఒక్క మాట లేదు. ఆ మౌనం ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే చందా ఒప్పందాన్ని నిలబెట్టారు. రాసిన లాయర్ల నేర్పును కాదనలేను. కానీ హక్కు వాడుకుంటే నష్టపోతావన్న భయం కూడా ఆంక్షే అని నా నమ్మకం. అలాంటి మాట డౌన్‌లోడ్ బటన్ పక్కనే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ బహిరంగ సోర్సును, దాని ముందస్తు రూపమైన సెంటోస్ స్ట్రీమ్‌కే పరిమితం చేసింది. ఆ సోర్సుతోనే దానికి సరిజోడు తయారుచేసే రాకీ లైనక్స్ వాళ్లు ఆ నెలాఖరుకే సోర్సు అందుకునే తమ దారులు చెప్పారు. రెడ్ హ్యాట్ ఎవరికైనా అందించే కంటైనర్ ఇమేజీలు ఒకటి, వాడినంతసేపటికే డబ్బు కట్టే క్లౌడ్ యంత్రాలు రెండోది. అద్దెకు తీసుకున్నా కాపీ అందుకున్నట్టే. బైనరీ అందుకున్నవాళ్లకు సోర్సు ఇవ్వాలని 3వ షరతు, దాన్ని పంచుకోకుండా ఆపకూడదని 6వ షరతు.